సర్ టెర్రీ లీహీ: టెస్కో నుంచి మారిసన్స్ దాకా – తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్ వెళ్లిన తెలుగువాళ్లకు టెస్కో పేరు, దాని క్లబ్‌కార్డు వెళ్లిన వారంలోనే పరిచయమవుతాయి. ఆ కార్డును బోర్డు ముందుకు తెచ్చి, తర్వాత 14 ఏళ్లు ఆ సంస్థను నడిపిన లీహీ గురించి పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. చిల్లర వర్తకాన్ని వృత్తిగా ఎంచుకున్నవారికీ, కంపెనీ డైరెక్టరు బాధ్యతలేమిటో తెలుసుకోవాలనుకునేవారికీ ఆయన ఉద్యోగ జీవితం శ్రద్ధగా చదవదగ్గదని మా నమ్మకం.

సర్ టెర్రీ లీహీ ఎవరు?

బ్రిటన్‌లో అతి పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థ అయిన టెస్కోకు 1997 నుంచి 2011 మార్చి దాకా సీఈఓగా పనిచేసిన వ్యక్తి. ఆహార వర్తకానికి చేసిన సేవకు 2002లో ఆయనకు నైట్ బిరుదు లభించింది. టెస్కో నుంచి విరమించాక క్లేటన్ డూబిలియర్ అండ్ రైస్ అనే అమెరికన్ పెట్టుబడి సంస్థకు సలహాదారుగా చేరి, ఆ సంస్థ పెట్టుబడి పెట్టిన బీ అండ్ ఎం దుకాణాలకూ, తర్వాత మారిసన్స్ సూపర్‌మార్కెట్లకూ ఛైర్మన్ అయ్యారు.

ఆయన నేపథ్యం ఏమిటి?

1956 ఫిబ్రవరి 28న లివర్‌పూల్‌లో పుట్టారు. ఐరిష్ మూలాలున్న కుటుంబం, నలుగురు అన్నదమ్ములు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ల కొరత తీర్చడానికి ప్రభుత్వం హడావిడిగా నిలబెట్టిన ముందే తయారుచేసిన గోడల ఇళ్లలో, బెల్ వేల్ అనే కాలనీలో పెరిగారు. సెయింట్ ఎడ్వర్డ్స్ కళాశాలలో చదివి, మాంచెస్టర్‌లోని యూమిస్ట్ అనే శాస్త్ర సాంకేతిక విద్యాసంస్థలో మేనేజ్‌మెంట్ శాస్త్రంలో పట్టా పుచ్చుకున్నారు. చదువుకునే రోజుల్లో సెలవుల్లో టెస్కో దుకాణంలో పనిచేశారు. కొంతకాలం సహకార సంఘమైన కో-ఆప్‌లో ఉద్యోగం చేసి, 1979లో టెస్కో మార్కెటింగ్ విభాగంలో చేరారు. ఆ తర్వాత విరమణ దాకా ఆ సంస్థను విడవలేదు.

ఆయన చేరేనాటికి టెస్కో పరిస్థితి ఎలా ఉండేది?

జాక్ కోహెన్ 1919లో తూర్పు లండన్ సంతలో పెట్టిన దుకాణంతో మొదలైన వ్యాపారమది. సరుకు గుట్టలుగా పోసి చవకగా అమ్మడమే చాలాకాలం దాని పద్ధతి. 1970లు వచ్చేసరికి ఆ పద్ధతికి కాలం చెల్లింది. దుకాణాలు చిన్నవి, పాతవి. పేరు కూడా నాసిరకం సరుకుకు మారుపేరుగా తయారైంది. కొన్నవారికి బహుమతి స్టాంపులిచ్చే పథకాన్ని 1977లో ఆపేసి, ఆ ఖర్చును ధరలు తగ్గించడానికి మళ్లించడంతో సంస్థ కొత్త దారి పట్టింది. ఆ నిర్ణయాన్ని ముందుకు నడిపిన ఇయాన్ మెక్‌లారిన్ తర్వాత ఛైర్మన్ అయ్యారు. లీహీ ఎదిగింది ఆయన నీడలోనే. ఊరి పొలిమేరల్లో పెద్ద దుకాణాలు కట్టడం, తాజా ఆహారం నాణ్యత పెంచడం వంటి పనులు లీహీ సీఈఓ కావడానికి చాలా ముందే మొదలయ్యాయి. ఆయన విజయాన్ని లెక్కగట్టేటప్పుడు ఈ సంగతి మరచిపోకూడదు.

బోర్డులో ఆయన మాటకు విలువ ఎప్పుడు వచ్చింది?

1992లో ఆయన మార్కెటింగ్ డైరెక్టరుగా బోర్డులో అడుగుపెట్టారు. అప్పుడు బ్రిటన్ ఆర్థిక మాంద్యంలో ఉంది, టెస్కో అమ్మకాలు మందగించాయి, మరోపక్క ఆల్డీ వంటి చవక దుకాణాలు దేశంలోకి వస్తున్నాయి. అప్పటికి బ్రిటన్‌లో మొదటి స్థానం సెయిన్స్‌బరీస్ అనే సూపర్‌మార్కెట్ సంస్థది. టెస్కో అధికారుల చూపంతా దానిమీదే. అది ఏం చేస్తే తామూ అదే చేయాలని చూసేవారు. లీహీ బృందం వినియోగదారులను నేరుగా అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు బోర్డు ముందు పెట్టింది. పోటీదారును అనుకరించడం మానేసి, కొనేవాడి వెంట నడవాలన్నది ఆయన వాదన.

ఫలితాలు త్వరగానే కనిపించాయి. 1993లో నీలం, తెలుపు చారల సాదా ప్యాకెట్లలో ‘టెస్కో వాల్యూ’ పేరుతో చవక సరుకులు వచ్చాయి. మరుసటి ఏడాది బిల్లు కౌంటర్ దగ్గర కొత్త నియమం పెట్టారు: వరుసలో మీకంటే ముందు ఒకరికి మించి ఉంటే ఇంకో కౌంటర్ తెరుస్తారు. వినడానికి ఇది చిన్న సంగతే. అమలు చేయాలంటే మాత్రం ప్రతి దుకాణంలో అదనపు సిబ్బంది కావాలి, లోపల సరుకు సర్దుతున్నవాళ్లు పిలవగానే కౌంటర్‌లోకి వచ్చి కూర్చోవాలి, ఆ జీతాల ఖర్చును మాంద్యం రోజుల్లో బోర్డు ఒప్పుకోవాలి. 1995లో టెస్కో సెయిన్స్‌బరీస్‌ను దాటి మొదటి స్థానానికి చేరింది. ఇందులో ఏ ఒక్క చర్య వాటా ఎంతో విడదీసి చెప్పలేం గానీ, దిశ మారింది మాత్రం ఈ మూడేళ్లలోనే.

క్లబ్‌కార్డులో అంత ప్రత్యేకత ఏముంది?

1995 ఫిబ్రవరిలో దేశమంతటా ప్రవేశపెట్టిన ఈ కార్డు పైకి చూస్తే మామూలు రాయితీ పథకమే. ఖర్చు పెట్టిన ప్రతి పౌండులో ఒక శాతం పాయింట్ల రూపంలో జమ అయ్యేది, మూడు నెలలకోసారి ఆ పాయింట్లకు సరిపడా వోచర్లు ఇంటికి పోస్టులో వచ్చేవి. సెయిన్స్‌బరీస్ అధిపతి డేవిడ్ సెయిన్స్‌బరీ దీన్ని ఎలక్ట్రానిక్ రూపంలో వచ్చిన పాత స్టాంపుల పథకంగా తీసిపారేశారు. మరుసటి ఏడాది, 1996లో, ఆయన సంస్థే అటువంటి కార్డు తెచ్చుకోవలసి వచ్చింది.

ఆ ఒక్క శాతంతో టెస్కో కొనుక్కున్నది సమాచారం. కార్డు లేనప్పుడు దుకాణానికి తెలిసేది ఫలానా రోజు ఎన్ని పాల సీసాలు అమ్ముడయ్యాయన్నదే. కార్డు వచ్చాక, పాలు కొన్న ఇల్లాలే పసిపిల్లల డైపర్లు కూడా కొన్నదా, మాంసం కౌంటర్ వైపు ఎప్పుడైనా వచ్చిందా, మూడు వారాలుగా అసలు రావడమే మానేసిందా అన్నవి తెలుస్తాయి. క్లైవ్ హంబీ, ఎడ్వినా డన్ దంపతులు నడిపిన డన్‌హంబీ అనే చిన్న సంస్థకు ఈ లెక్కలు అప్పగించారు. అప్పటి కంప్యూటర్లకు మొత్తం సమాచారాన్ని మోసే శక్తి లేక, అందులో ఒక భాగాన్ని నమూనాగా తీసుకుని విశ్లేషించేవారు. కార్డును దేశమంతటా పెట్టేముందు జరిపిన ప్రయోగ ఫలితాలను చూసిన మెక్‌లారిన్, తాను 30 ఏళ్లలో తెలుసుకున్నదానికంటే ఎక్కువ మీరు మూడు నెలల్లో తెలుసుకున్నారే, అదే నాకు భయంగా ఉందని అన్నట్టు ప్రసిద్ధి. తర్వాతి కాలంలో టెస్కో ఆ సంస్థనే కొనేసింది.

ఈ సమాచారాన్ని కేవలం ప్రకటనలు పంపడానికి వాడుకుని ఉంటే క్లబ్‌కార్డు గురించి ఇంత చెప్పుకోవలసిన పని ఉండేది కాదు. ఏ పేటలోని దుకాణంలో ఏ సరుకు పెట్టాలి, చవక వస్తువులు మాత్రమే కొనేవాళ్లు ఏయే వస్తువుల ధర గుర్తుపెట్టుకుంటారు, ఏ ధర తగ్గిస్తే నిజంగా అవసరమున్నవాళ్లకు చేరుతుంది వంటి నిర్ణయాలకు అది ఆధారమైంది. మా అంచనాలో లీహీ వృత్తి జీవితంలో అన్నిటికంటే గట్టి పని ఇదే. దీని మరోవైపును కూడా చెప్పాలి. ఒక కుటుంబం ఏం తింటుందో, ఎప్పుడు పొదుపు చేస్తుందో ఒక కంపెనీకి ఇంత వివరంగా తెలియడం మంచిదేనా అన్న ప్రశ్న ఆనాడు పెద్దగా వినపడలేదు, ఈనాడు ప్రతి దేశంలోనూ వినపడుతోంది.

సీఈఓగా ఆయన పని తీరు ఎలా ఉండేది?

ఆడంబరం లేని మనిషిగా, తక్కువ మాట్లాడే మనిషిగా ఆయనకు పేరు. అప్పట్లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని చెజంట్‌లో ఉండిన ప్రధాన కార్యాలయం కూడా అలాంటిదే, హంగులు లేని భవనం. అధికారులు ఏడాదికి ఒక వారం దుకాణంలో పనిచేయాలన్న పద్ధతి ఉండేది, లీహీ కూడా అరలు సర్దారు, బిల్లు కౌంటర్‌లో కూర్చున్నారు. సంస్థ పనితీరును లాభం ఒక్కదానితో కాక వినియోగదారులు, కార్యనిర్వహణ, ఉద్యోగులు, ఆర్థికం అనే నాలుగు భాగాలున్న ఒక చక్రం బొమ్మతో కొలిచేవారు. సమాజం అన్న ఐదో భాగాన్ని తర్వాత చేర్చారు. ప్రతి దుకాణం గోడ మీదా ఆ చక్రం ఉండేది కాబట్టి, తమ దుకాణం ఎక్కడ వెనకబడిందో అక్కడ పనిచేసేవాళ్లందరికీ కనిపించేది.

ఆయన హయాంలో టెస్కో ఎంత పెరిగింది?

1997 ఫిబ్రవరితో ముగిసిన సంవత్సరంలో పన్నుకు ముందు లాభం 75 కోట్ల పౌండ్లు. 2005లో అది మొదటిసారి 200 కోట్ల పౌండ్లు దాటింది. 2011 ఫిబ్రవరి నాటికి సుమారు 350 కోట్లకు చేరింది. బ్రిటన్ కిరాణా మార్కెట్‌లో ఇంచుమించు 30 శాతం టెస్కో చేతిలో ఉండేది. వీధి చివరి ఎక్స్‌ప్రెస్ దుకాణాలు, బట్టలు, బ్యాంకింగ్, మొబైల్ ఫోన్ సేవలు కూడా ఈ కాలంలోనే విస్తరించాయి.

ఆన్‌లైన్ అమ్మకాల్లో టెస్కో ఎలా నెగ్గింది?

ఇంటర్నెట్ కంపెనీలు వెల్లువెత్తిన డాట్‌కామ్ జోరులో అమెరికాలోని వెబ్‌వ్యాన్ కంపెనీ ఇళ్లకు కిరాణా చేర్చడం కోసం భారీ గిడ్డంగులు కట్టి, 2001లో దివాలా తీసింది. టెస్కో అందుకు భిన్నంగా, ఉన్న దుకాణాల్లోనే పని మొదలుపెట్టింది. ఉద్యోగి ఒక ప్రత్యేకమైన ట్రాలీ తోసుకుంటూ మామూలు కొనుగోలుదారుల మధ్యే నడుస్తూ, తెర మీద కనిపించే వరుసలో అరల నుంచి సరుకులు తీసి డబ్బాల్లో సర్దుతాడు. వ్యాన్ ఆ దుకాణం నుంచే బయలుదేరుతుంది. నిపుణులు దీన్ని నాటు పద్ధతిగా భావించారు. అయితే కొత్తగా ఏ ఊరిలో సేవ మొదలుపెట్టాలన్నా పెద్ద పెట్టుబడి అక్కర్లేకపోవడం వల్ల గిరాకీ ఎంత ఉంటే అంతే ఖర్చయింది.

విదేశాల్లో ఆయన నిర్ణయాలు ఫలించాయా?

ఆసియాలో చాలావరకు ఫలించాయి. 1998లో థాయ్‌లాండ్‌లో లోటస్ దుకాణాలను కొన్నారు, 1999లో దక్షిణ కొరియాలో శామ్‌సంగ్‌తో కలిసి హోమ్‌ప్లస్‌ను చేపట్టారు. రెండు చోట్లా స్థానిక భాగస్వామి ఉన్నాడు, స్థానిక మేనేజర్ల మాట చెల్లింది. జపాన్‌లో వేళ్లూనుకోలేకపోయారు. ఆయన వెళ్లాక సంస్థ కష్టాల్లో పడి, 2015లో కొరియా వ్యాపారాన్ని 400 కోట్ల పౌండ్లకు పైగా ధరకు అమ్మేసింది. 2020లో థాయ్‌లాండ్, మలేషియా వ్యాపారాలను 1000 కోట్ల డాలర్లకు పైగా ధరకు అమ్మింది. కొన్నది ఒకప్పుడు లోటస్‌ను టెస్కోకు అమ్మిన థాయ్ సంస్థ సీపీ గ్రూపే.

అమెరికాలో ఎందుకు దెబ్బతిన్నారు?

2007 నవంబరులో కాలిఫోర్నియా, నెవాడా, అరిజోనా రాష్ట్రాల్లో ‘ఫ్రెష్ అండ్ ఈజీ’ పేరుతో మధ్యస్థాయి దుకాణాలు తెరిచారు. ముందస్తు పరిశోధనకు లోటు చేయలేదు. అమెరికన్ కుటుంబాల ఇళ్లలో ఉండి వాళ్ల వంటగదులు పరిశీలించారు, పోటీదారులకు తెలియకుండా గిడ్డంగిలో నమూనా దుకాణం కట్టి చూసుకున్నారు. అయినా 2013లో సుమారు 120 కోట్ల పౌండ్లు నష్టం రాసుకుని తప్పుకోవలసి వచ్చింది.

కాలం కలిసిరాలేదన్నది నిజమే. ఇళ్ల రుణాల సంక్షోభం తొలి దెబ్బ తగిలిన ప్రాంతాల్లో ఆ మూడు రాష్ట్రాలూ ఉన్నాయి. కొత్త కాలనీలను నమ్ముకుని తెరిచిన దుకాణాల చుట్టూ ఇళ్లే ఖాళీ అయ్యాయి. అయితే తప్పంతా కాలం మీదకు నెట్టలేం. కూరగాయలు, పండ్లు ప్లాస్టిక్ ప్యాకెట్లలో పెట్టి అమ్మారు. చేత్తో పట్టి, వాసన చూసి ఎంచుకునే అలవాటున్న కాలిఫోర్నియా వాసులకు అది నచ్చలేదు. బిల్లింగ్ మొత్తం వినియోగదారులే చేసుకునే యంత్రాల మీద పెట్టారు, కౌంటర్‌లో పలకరించే మనిషి లేడు. అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది ఇది: బ్రిటన్‌లో కార్డు సమాచారంతో గెలిచిన సంస్థ, అమెరికాలో మొదటి కొన్నేళ్లు కార్డే ఇవ్వలేదు. దుకాణాలకు కావలసిన ఆహారం తయారుచేసే పెద్ద కర్మాగారాన్ని, పంపిణీ కేంద్రాన్ని ముందే కట్టేయడం వల్ల, ఆ ఖర్చు రాబట్టుకోవడానికి దుకాణాలు వేగంగా పెంచక తప్పలేదు. కొద్దిగా మొదలుపెట్టి, వినియోగదారుడు చూపించినంత దూరమే వెళ్లాలన్న తన సొంత సూత్రాన్ని లీహీ పక్కన పెట్టింది ఇక్కడే అని మా అభిప్రాయం.

2014 నాటి లెక్కల కుంభకోణానికి లీహీ బాధ్యుడా?

చట్టపరంగా కాదు. 2014 సెప్టెంబరులో టెస్కో తన అర్ధ సంవత్సర లాభాన్ని 25 కోట్ల పౌండ్ల మేర ఎక్కువ చేసి చూపినట్టు వెల్లడించింది. అప్పటికి ఆయన వెళ్లిపోయి మూడేళ్లు దాటింది. ఆయన తర్వాత సీఈఓ అయిన ఫిలిప్ క్లార్క్ హయాంలో 2012 జనవరిలోనే లాభాలు తగ్గుతాయన్న హెచ్చరిక వెలువడింది. 2017లో సంస్థ 12.9 కోట్ల పౌండ్ల జరిమానా కట్టడానికి ఒప్పుకుంది. 2015లో బీబీసీ ఇంటర్వ్యూలో లీహీ దీన్ని తన తర్వాతి నాయకత్వ వైఫల్యంగానే వర్ణించారు.

విమర్శకులు ఇందుకు పూర్తిగా ఒప్పుకోరు. బ్రిటన్ దుకాణాల్లో లాభ శాతం కాపాడుకోవడానికి సిబ్బందినీ, ధరలనూ పిండడం ఆయన చివరి ఏళ్లలోనే మొదలైందనీ, వారసుడిని ఎంపిక చేసిన బోర్డులో ఆయన మాటే పెద్దదనీ వారి వాదన. రెండు వాదనల్లోనూ పస ఉంది. లెక్కలు తప్పుగా రాసిన నేరం ఆనాటి పాలనదే. ఏటా లాభం పెరిగి తీరాలన్న ఒత్తిడి మాత్రం దీర్ఘకాలం పెరుగుతూ వచ్చినది, దాన్ని పెంచిన 14 ఏళ్లనూ లెక్కలోకి తీసుకోక తప్పదు.

సరఫరాదారులు, చిన్న దుకాణదారులు ఆయన హయాం గురించి ఏమంటారు?

వారి అనుభవం వేరు. రైతులూ చిన్న తయారీదారులూ ధరల దగ్గర బేరమాడే స్థితిలో ఉండేవారు కాదు. టెస్కో ఒక్కసారి సరుకు వద్దంటే వారి వ్యాపారం కూలిపోయేది. బ్రిటన్ పోటీ కమిషన్ 2000లోనూ, 2008లోనూ పెద్ద సూపర్‌మార్కెట్ల మీద విచారణ నివేదికలు ఇచ్చింది. వాటి ఫలితంగా 2010లో సరఫరాదారుల రక్షణకు నియమావళి అమల్లోకి వచ్చింది, 2013లో దానికి ఒక న్యాయనిర్ణేతను నియమించారు. సరఫరాదారులకు చెల్లించవలసిన డబ్బును ఆలస్యం చేసి టెస్కో ఆ నియమావళిని తీవ్రంగా ఉల్లంఘించిందని 2016లో ఆ న్యాయనిర్ణేత తేల్చారు. విచారణ జరిగిన కాలం లీహీ వెళ్లిన తర్వాతిది, కానీ అంతటి బలం సమకూరింది ఆయన హయాంలోనే. కొనేవాడి మాట అంత శ్రద్ధగా విన్న సంస్థ, అమ్మేవాడి మాట అదే శ్రద్ధతో వినలేదన్న బాధ మాకు ఉంది.

సీఈఓకూ ఛైర్మన్‌కూ బ్రిటన్‌లో తేడా ఏమిటి?

సీఈఓ కంపెనీని రోజువారీగా నడుపుతారు. ఛైర్మన్ బోర్డును నడుపుతారు. సీఈఓను ప్రశ్నించడం, అవసరమైతే మార్చడం బోర్డు పని. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన కంపెనీల్లో ఈ రెండు పదవులూ ఒకే వ్యక్తి చేతిలో ఉండకూడదనీ, సీఈఓగా దిగిపోయినవారు అదే కంపెనీకి ఛైర్మన్ కాకూడదనీ అక్కడి కార్పొరేట్ పాలన నియమావళి చెబుతుంది. పాటించకపోతే కారణం చెప్పుకోవాలి. లీహీ టెస్కోకు ఎన్నడూ ఛైర్మన్ కాలేదు. ఇక డైరెక్టరు ఎవరైనా సరే, 2006 కంపెనీల చట్టం 172వ సెక్షన్ ప్రకారం వాటాదారులందరి ప్రయోజనం కోసం కంపెనీ అభ్యున్నతికి పాటుపడాలి; అలా చేసేటప్పుడు ఉద్యోగుల, సరఫరాదారుల, సమాజపు మంచిచెడ్డలను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

టెస్కో తర్వాత ఛైర్మన్‌గా ఆయన ఏం చేశారు?

బీ అండ్ ఎం చవక సరుకుల దుకాణాల సంస్థ. భారత మూలాలున్న అరోరా సోదరులు 2004లో కొద్దిపాటి దుకాణాలతో దాన్ని కొని పెంచారు. లీహీ ఛైర్మన్‌గా ఉన్నప్పుడు, 2014లో, అది లండన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. 2018లో ఆయన తప్పుకున్నారు.

మారిసన్స్ కథ అంత సాఫీగా సాగలేదు. 2021 అక్టోబరులో జరిగిన వేలంలో ఆయన సలహాదారుగా ఉన్న సంస్థ ఒక్కో వాటాకు 287 పెన్స్ (పౌండుకు 100 పెన్స్) పలకగా, ప్రత్యర్థి పెట్టుబడి సంస్థ ఫోర్ట్రెస్ 286 దగ్గర ఆగింది. ఒక్క పెన్నీ తేడాతో సుమారు 700 కోట్ల పౌండ్ల కంపెనీ చేతులు మారింది. 2022లో లీహీ ఛైర్మన్ అయ్యారు. కొనుగోలు కోసం తెచ్చిన అప్పు కంపెనీ మీదే పడింది. వడ్డీ రేట్లు పెరిగాయి, సరుకుల ధరలు మండిపోయాయి, అదే ఏడాది ఆల్డీ నాలుగో స్థానంలోకి వచ్చి మారిసన్స్‌ను ఐదో స్థానానికి నెట్టింది. ఒకప్పుడు టెస్కోలో ఎవరి చవక ధరలకు దీటుగా వాల్యూ ప్యాకెట్లు తెచ్చారో ఆ ఆల్డీతోనే ఆయన మళ్లీ తలపడవలసి వచ్చింది. ఈసారి ధరలు తగ్గించడానికి చేతిలో టెస్కోకున్నంత వెసులుబాటు లేదు.

భారతదేశంతో, తెలుగు రాష్ట్రాలతో సంబంధం ఉందా?

లీహీ హయాంలోనే, 2004లో, టెస్కో బెంగళూరులో సేవా కేంద్రం పెట్టింది. బ్రిటన్ దుకాణాల సాఫ్ట్‌వేర్, లెక్కల పని అక్కడ కూడా జరుగుతుంది. 2008లో టాటా గ్రూపులోని ట్రెంట్‌తో స్టార్ బజార్ దుకాణాలకు సహకారం అందించే ఒప్పందం కుదిరింది. విదేశీ సంస్థలు నేరుగా సూపర్‌మార్కెట్లు నడపడానికి అప్పట్లో అనుమతి లేదు. 2012లో కేంద్రం 51 శాతం దాకా అనుమతించినప్పుడు, అందుకు సమ్మతించిన రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2014లో టెస్కో ట్రెంట్‌తో సమాన వాటాల భాగస్వామి అయింది. హైదరాబాదులో స్టార్ దుకాణంలో సరుకులు కొనేవారు ఆ భాగస్వామ్యపు దుకాణంలోనే కొంటున్నారన్నమాట.

బ్రిటిష్ కంపెనీ డైరెక్టర్ల వివరాలు ఎవరైనా చూడవచ్చా?

చూడవచ్చు. కంపెనీస్ హౌస్ అనే ప్రభుత్వ రిజిస్టరులో ఇది ఆన్‌లైన్‌లో ఉచితం. ఒక వ్యక్తి ఏ కంపెనీలో ఏ తేదీన డైరెక్టరుగా చేరారో, ఎప్పుడు తప్పుకున్నారో, ఆ కంపెనీ దాఖలు చేసిన వార్షిక లెక్కలేమిటో అందులో ఉంటాయి. పుట్టిన తేదీలో నెల, సంవత్సరం మాత్రమే కనిపిస్తాయి. చాలామంది ఇంటి చిరునామాకు బదులు కార్యాలయం చిరునామా ఇస్తారు. పత్రికల్లో వచ్చే పొగడ్తలూ తిట్లూ చదివే ముందు, చేరిన తేదీనీ విరమించిన తేదీనీ ఒక కాగితం మీద రాసుకుని, ఆ మధ్య సంవత్సరాల లెక్కల్లో లాభంతోపాటు అప్పు ఎంతుందో, సరఫరాదారులకు బాకీ ఎంతుందో కూడా చూడండి. విరమించిన తర్వాతి మూడేళ్ల లెక్కలు కూడా తెరిచి చూడాలి.